నోట్ల రద్దు డిపాజిట్, పన్ను అప్పీలు: రుజువు చెయ్యాల్సింది ఎవరు? (నా అనుభవం)

నోట్ల రద్దప్పుడు మా నాన్నగారు బ్యాంకులో కట్టిన 12 లక్షల నగదుకు 15 లక్షల పన్ను డిమాండ్ ఎలా వచ్చిందని చాలామంది అడుగుతారు. లెక్క ఇది. లెక్క తేలని డబ్బుకు ఆదాయపు పన్ను చట్టం 115బీబీఈ సెక్షన్ కింద 60 శాతం పన్ను, ఆ పన్ను మీద 25 శాతం సర్‌ఛార్జీ, ఆపైన ఆ ఏటి 3 శాతం సెస్. మొత్తం 77.25 శాతం, అంటే 12 లక్షలకు 9,27,000 రూపాయలు. ముందస్తు పన్ను కట్టలేదని 234బి కింద 2017 ఏప్రిల్ నుంచి ఆర్డర్ ఇచ్చిన నెలదాకా నెలకు ఒక శాతం వడ్డీ. ఆర్డర్ 2019 డిసెంబరులో వచ్చింది కాబట్టి 33 నెలలు, దాదాపు 3 లక్షల 6 వేలు. రిటర్ను వెయ్యలేదు కాబట్టి 234ఎ కింద మరో 29 నెలల వడ్డీ, 2 లక్షల 69 వేల దాకా. కూడితే 15 లక్షలు. పెనాల్టీ ఇంకా ఇందులో కలవలేదు.

ఈ డిమాండ్ మా నాన్నగారి పేరు మీద వచ్చింది. ఆయన రైతు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే మనిషి. పాత 500, 1000 నోట్లు 2016 నవంబరులో బ్యాంకులో కట్టారు. రిటర్ను వెయ్యమని, లెక్క చెప్పమని వచ్చిన నోటీసులన్నీ ఎప్పుడో పాన్ కార్డు తీయించినప్పుడు నెట్ సెంటర్‌లో రాయించిన ఈమెయిల్‌కు పోయాయి. జవాబు లేదని 144 సెక్షన్ కింద ఏకపక్షంగా ఆర్డర్ రాసేశారు. అప్పీలు వేసిన దగ్గర నుంచి ఫైలు నా చేతిలో ఉంది. వాదనకు సీఏ గారు ఉంటారు గానీ, ఏ కాగితం ఏ బీరువాలో ఉందో ఆయనకేం తెలుస్తుంది? ఆ పని ఇంటివాళ్లదే.

ముందు తెలుసుకోవాల్సింది రుజువు భారం ఎవరిదన్న సంగతి. ‘డబ్బు మనది, రుజువు చేసుకోవాల్సిందీ మనమే’ అని ఊళ్లో అందరూ అంటారు. అది సగమే నిజం. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చెప్పుకునే తీర్పుల్లో ఒకటి తెలుగువాళ్ల కేసే: 1965లో సుప్రీంకోర్టు ఇచ్చిన పరిమిశెట్టి సీతారామమ్మ తీర్పు. బరోడా మహారాణి, పిఠాపురం ఆడపడుచు సీతాదేవి ఇచ్చిన సొమ్ము, నగల మీద పన్ను వెయ్యబోతే వచ్చిన తగాదా అది. ఒక రాబడి పన్ను పరిధిలోకి వస్తుందని చూపాల్సింది శాఖ. అది ఆదాయమే అయినా మినహాయింపు ఉందంటే ఆ మినహాయింపును రుజువు చేసుకోవాల్సింది మనిషి. సూత్రం అంతే. కానీ లెక్క తేలని డబ్బు గురించి చెప్పే 68, 69, 69ఎ సెక్షన్ల దగ్గర చట్టం దీన్ని కొంచెం అటు జరిపింది. డబ్బు మీ దగ్గర దొరికితే, అది ఎక్కడిదో చెప్పాల్సిన మొదటి బాధ్యత మీదే. మీరు చెప్పి, నమ్మదగ్గ కాగితం చూపిస్తే భారం ఆఫీసర్ మీదికి వెళ్తుంది. అప్పుడు ఆయన విచారించి అది తప్పని తేల్చాలి. 1986 నాటి ఒరిస్సా కార్పొరేషన్ తీర్పు చెప్పింది ఇదే: అప్పు ఇచ్చినవాళ్ల పేర్లు, చిరునామాలు ఇచ్చాక, శాఖ నోటీసులు పంపి ఊరుకుంటే సరిపోదు.

మా అప్పీలంతా ఈ ఒక్క పాయింటు మీదే నడిచింది. భారం ఏ తేదీన, ఏ కాగితంతో అటువైపు వెళ్లిందో ఫైలు తిరగేసిన ఎవరికైనా కనబడాలి. నోటితో చెప్పింది ఫైల్లో ఉండదు.

అప్పీలు ఫారం 35లో, ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో వెయ్యాలి. డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల్లోపు. నిర్ణయించిన ఆదాయం 2 లక్షలు దాటితే ఫీజు 1,000 రూపాయలు. కేసు వివరాలకు 1000 పదాలు, ఒక్కో గ్రౌండ్‌కు (ఆర్డర్ మీద మన అభ్యంతరానికి) 100 పదాలే ఇస్తారు. అందుకని కథంతా గ్రౌండ్లలో కుక్కకూడదు. ఈ ఫారంలో మూడు గడులు జనం చూసుకోకుండా దాటేస్తారు.

మొదటిది, నోటీసులు ఈమెయిల్‌కు పంపవచ్చా అన్న ప్రశ్న. ‘వద్దు’ అని పెట్టి, ఈమెయిల్‌కు వచ్చిన నోటీసు చూడలేదని తర్వాత ట్రిబ్యునల్‌లో (రెండో అప్పీలు వినే చోటు) వాదించి నెగ్గినవాళ్లు ఉన్నారు. అయినా నా సలహా ‘సరే’ అని పెట్టి, రోజూ చూసే ఈమెయిల్, ఫోన్ నంబరు ఇవ్వమనే. ఎందుకంటే ఆ వాదన నెగ్గినా దక్కేది మళ్లీ మొదటికి వెళ్లడం మాత్రమే. రెండోది 46ఎ రూల్ గడి: ఆఫీసర్ ముందు పెట్టని కొత్త ఆధారాలు పెడుతున్నారా అని. ఏకపక్ష ఆర్డర్ అయితే ఆధారాలన్నీ కొత్తవే కాబట్టి ‘అవును’ అనే పెట్టాలి. మూడోది 249(4). రిటర్ను వెయ్యనివాళ్లు కట్టాల్సిన ముందస్తు పన్నుకు సమానమైన మొత్తం కట్టి ఉంటేనే అప్పీలు నిలుస్తుంది. వ్యవసాయ ఆదాయం తప్ప మరేదీ లేనివారికి కట్టాల్సింది సున్నా. ఆ మాట విడిగా రాసి, అవసరమైతే మినహాయింపు ఇవ్వమని దరఖాస్తు కూడా జత చెయ్యాలి. ఇది రాయక, లోపల ఏముందో చూడకముందే కొట్టేసిన అప్పీళ్లు ఎన్నో.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. 220(6) కింద ఆ ఆర్డర్ రాసిన అసెసింగ్ ఆఫీసర్‌కే స్టే దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 ఫిబ్రవరి 29 నాటి ప్రత్యక్ష పన్నుల బోర్డు మెమోలో 15 శాతం కడితే మిగతాది ఆపమన్నారు. 2017 జులై 31న దాన్ని 20 శాతం చేశారు. మాకు అది 3 లక్షల దాకా అయింది, వాయిదాల్లో కట్టాం. దరఖాస్తు పెట్టకుండా ఊరుకుంటే 226(3) కింద బ్యాంకు ఖాతాను అటాచ్ చేసే అధికారం వాళ్లకుంది.

ఇక ఆధారాలు. డబ్బు ఎక్కడిదన్న దానికి నగదు ప్రవాహ పట్టికే ప్రాణం. ఏ తేదీకి చేతిలో ఎంత ఉంది, ఎంత వచ్చింది, ఎంత పోయింది, మిగిలిందెంత. మాది ఇలా తేలింది. 2016 ఫిబ్రవరి 1 నాటికి చేతిలో 1.20 లక్షలు. మిర్చి అమ్మకాలు 12.40 లక్షలు, పెట్టుబడి 5.60 లక్షలు పోను 6.80 లక్షలు. పత్తి డబ్బు నేరుగా ఖాతాలో పడింది. అందులోంచి అక్టోబరు దాకా విడతలుగా తీసిన నగదు 5.40 లక్షలు. కౌలు కింద వచ్చింది 90 వేలు. మొత్తం 14.30 లక్షలు. ఇందులోంచి ఇంటి ఖర్చు 1.60 లక్షలు, ఖరీఫ్ పెట్టుబడి 2.10 లక్షలు తీస్తే 10.60 లక్షలు మిగిలాయి. డిపాజిట్ 12 లక్షలు. 1.40 లక్షలు తక్కువ. అది అమ్మ దాచుకున్న డబ్బు.

ఈ పట్టికలో ఇంటి ఖర్చు సున్నా చూపించేవాళ్లు ఉంటారు, లెక్క అతకాలని. ఆఫీసర్ మొదట చూసేది అదే. తిండి, మందులు, చదువులు, పెళ్లిళ్ల చదివింపులు లేని ఇల్లు ఉండదని ఆయనకూ తెలుసు. ఖర్చు నిజంగా చూపించి, లోటు వస్తే లోటుగానే ఒప్పుకుంటే మిగతా పట్టికకు నమ్మకం వస్తుంది. అలాగే మిర్చి అమ్మిన మొత్తమంతా మిగులుగా చూపితే ‘ఎరువులు, పురుగుమందులు, కోత కూలి ఎవరు కట్టారు?’ అన్న ప్రశ్నతో పట్టికంతా కూలిపోతుంది.

అడంగల్ (ఏ చేలో ఏ పంట వేశారో చూపే రెవెన్యూ రికార్డు) దగ్గర ఒక చిక్కుంది. దాన్ని ఫసలీ సంవత్సరంతో ఇస్తారు, ఫసలీ జులైతో మొదలవుతుంది. 2016 జులై నుంచి 2017 జూన్ దాకా 1426 ఫసలీ. ఆర్థిక సంవత్సరం 2016-17 కదా అని ఆ ఏటి అడంగల్ తీసుకెళ్తే పని చెడినట్టే. 1426 ఫసలీలో వేసిన మిర్చి 2016 నవంబరుకు ఇంకా చేలోనే ఉంటుంది, అమ్మిన డబ్బు ఎక్కడిది? డిపాజిట్‌కు మూలం అంతకుముందు పంట, అంటే 1425 ఫసలీ. రెండు సంవత్సరాలవీ పెట్టి, 2016 తొలి నెలల్లో అమ్మింది ఏ పంటో పక్కన ఒక వాక్యం రాయాలి. పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరిదో చూపే రికార్డు), అడంగల్‌లో సర్వే నంబర్లు, విస్తీర్ణం ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో ఇంట్లోనే సరిచూసుకోవాలి. ఉమ్మడి భూమి అయితే అన్నదమ్ముల దగ్గర ఒప్పుకోలు కాగితం ఉండాలి. లేకపోతే పంటంతా మీదేనని ఎలా అంటారని అడుగుతారు.

కమీషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీలు అసలైన బలం. వాటి మీద తేదీ, టిక్కీల (బస్తాల) సంఖ్య, కాటా తూకం, రేటు, కమీషన్, హమాలీ పోను చేతికొచ్చిన నికరం ఉంటాయి. పాత పట్టీల సిరా వెలిసిపోతుంది. స్కాన్ చేశాక పక్కనే అంకెలు టైపు చేసిన పట్టిక పెట్టాలి, లేకపోతే స్క్రీన్ మీద చదివే ఆఫీసర్‌కు అది మరక కింద లెక్క. పోర్టల్‌లో ఒక్కో ఫైలుకు సైజు పరిమితి ఉంటుంది. అందుకని ఒకే పెద్ద పీడీఎఫ్ కాకుండా, పేజీ నంబర్లు వరసగా సాగేలా భాగాలు చేసి, మొదటి భాగంలో సూచిక పెట్టాం. ‘పేజీ 34 చూడండి’ అని రాస్తే 34 దొరకాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. లోటు పూడ్చడానికి ‘బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నాం’ అని రాయడం అందరికీ తోచే దారి. 20 వేలు, ఆపైన నగదు అప్పు తీసుకోవడం 269ఎస్ఎస్ ప్రకారం నిషేధం. తీసుకున్నామని మీరే రాసిస్తే 271డి కింద ఆ మొత్తానికి సమానమైన పెనాల్టీకి దారి తెరిచినట్టే. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉండి పన్ను కట్టాల్సిన ఆదాయం లేనివాళ్లయితేనే మినహాయింపు. బావమరిది ఉద్యోగస్తుడైతే కుదరదు. స్థలం అమ్మకానికి తీసుకున్న నగదు బయానాకూ 2015 జూన్ నుంచి ఇదే నిషేధం వర్తిస్తుంది. ఒక గొయ్యి పూడ్చబోయి ఇంకో గొయ్యి తవ్వుకోవద్దు.

ఇప్పుడు న్యాయమైన విచారణ సంగతి. మా ఆర్డర్‌లో ఒక వాక్యం ఉంది: 133(6) కింద కమీషన్ వ్యాపారిని అడగ్గా, ఈ పేరుతో తమ పుస్తకాల్లో ఖాతా లేదని జవాబిచ్చారట. ఆ జవాబు మాకు చూపించలేదు. ఇక్కడ పనికొచ్చేది 1980 నాటి కిషన్‌చంద్ చెల్లారామ్ తీర్పు. మద్రాసు నుంచి బొంబాయికి బ్యాంకు ద్వారా తంతి మీద పంపిన 1,07,350 రూపాయలు ఆ సంస్థవేనని, బ్యాంకు మేనేజరు రాసిన ఉత్తరాల ఆధారంగా పన్ను వేశారు. ఆ ఉత్తరాలు సంస్థకు చూపించలేదు, మేనేజరును ప్రశ్నించే అవకాశం ఇవ్వలేదు. చూపించని కాగితం సాక్ష్యం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను అధికారి సాక్ష్య చట్టంలోని సాంకేతిక నియమాలకు కట్టుబడనక్కర్లేదు. అయినా వట్టి ఊహతో ఆర్డర్ రాయకూడదని 1954లోనే ఢాకేశ్వరీ కాటన్ మిల్స్ కేసులో చెప్పారు.

తీర్పు పేరు చెబితే చాలదు, అడిగిన రుజువు ఉండాలి. ఆ జవాబు నకలు కావాలని, వ్యాపారిని క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం కావాలని తేదీ వేసి రాతపూర్వకంగా అడిగాం. ‘అప్పుడు అడగలేదు కదా’ అన్నది శాఖ తరఫున అన్నిటికంటే తరచుగా వినిపించే జవాబు. రాతలో అడిగి ఉంటే ఆ నోరు మూతపడుతుంది. నకలు చేతికొచ్చాక తిరకాసు బయటపడింది. నోటీసులో పాన్ కార్డు మీది పూర్తి పేరు ఇచ్చారు. వ్యాపారి పుస్తకంలో ఊరి పేరు, పిలిచే పేరు మాత్రమే ఉన్నాయి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నే తప్పు. పట్టీ నంబర్లతో సరిపోల్చి ఆయన సంతకంతో ధ్రువీకరణ తెచ్చాం. అప్పుడిక క్రాస్ ఎగ్జామినేషన్ అక్కర్లేకపోయింది. మొండిగా దాని కోసం పట్టుబట్టడం కంటే ఇదే మేలు: అది దొరక్కపోతే మామూలుగా కేసు వెనక్కి పంపుతారు, అంటే మళ్లీ కొన్నేళ్లు.

వెనక్కి పంపడం మాకూ తప్పలేదు, వేరే కారణంతో. 2020 సెప్టెంబరు నుంచి మొదటి అప్పీళ్లు ఫేస్‌లెస్ (ముఖాముఖి లేకుండా ఆన్‌లైన్‌లో) అయ్యాయి. మొదటి విడతలో మా జవాబు గడువు దాటింది. హాజరు కాలేదు కాబట్టి కొట్టేస్తున్నామని రెండు పేరాల ఆర్డర్ వచ్చింది. 250(6) ప్రకారం మొదటి అప్పీలు వినే అప్పీలు కమిషనర్ తన ఆర్డర్‌లో తేల్చాల్సిన అంశాలు, నిర్ణయం, కారణాలు రాయాలి. మనిషి రాకపోయినా సరే. బొంబాయి హైకోర్టు 2016లో ప్రేమ్‌కుమార్ అర్జున్‌దాస్ లూథ్రా కేసులో స్పష్టంగా చెప్పింది ఇదే. దాంతో ట్రిబ్యునల్‌కు వెళ్లాం. ఫారం 36, ఫీజు నిర్ణయించిన ఆదాయంలో ఒక శాతం, గరిష్ఠం 10 వేలు. 12 లక్షలకు ఆ గరిష్ఠమే పడుతుంది. అప్పట్లో గడువు 60 రోజులు; 2024 అక్టోబరు నుంచి ఆర్డర్ అందిన నెలాఖరు నుంచి రెండు నెలలు. తెలుగు రాష్ట్రాల్లో బెంచీలు హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్నాయి. గడువు దాటితే ఆలస్యానికి కారణంతో అఫిడవిట్ పెట్టాలి. ‘సీఏ చూడలేదు’ అంటే ఆ సీఏ అఫిడవిట్ కూడా అడుగుతారు. బెంచ్ కేసును మళ్లీ కమిషనర్‌కు పంపింది, ఈసారి సహకరించండని మాకూ ఒక వాక్యం తగిలించి.

రెండో విడతలో 46ఎ దరఖాస్తు జాగ్రత్తగా రాశాం. కొత్త ఆధారాలు ఒప్పుకోవడానికి నాలుగు సందర్భాలే ఉన్నాయి: తీసుకోవాల్సిన ఆధారాన్ని ఆఫీసర్ నిరాకరించడం, అడిగినదాన్ని ఇవ్వలేకపోవడానికి తగిన కారణం ఉండటం, గ్రౌండ్‌కు అవసరమైనదాన్ని తగిన కారణంతో పెట్టలేకపోవడం, తగినంత అవకాశం ఇవ్వకుండా ఆర్డర్ రాయడం. ఒక్కో కాగితం ఏ సందర్భం కిందికి వస్తుందో ఎదురుగా రాయాలి. అంతా కలిపి ‘దయచేసి స్వీకరించండి’ అంటే కుదరదు. కమిషనర్ వాటిని అసెసింగ్ ఆఫీసర్‌కు పంపి రిమాండ్ రిపోర్టు (ఆ ఆధారాల మీద ఆఫీసర్ నివేదిక) అడుగుతారు. ఆ దశను దాటేయమని కోరుకోకండి. ఆఫీసర్‌కు అవకాశం ఇవ్వకుండా వచ్చిన గెలుపు పైకి వెళ్తే నిలవదు. రిపోర్టు వచ్చాక దాని నకలు అడిగి తీసుకుని ప్రతి పేరాకూ జవాబివ్వాలి. మా రిపోర్టులో పట్టీల మీద ఒక్క విచారణా లేదు, ‘తర్వాత సృష్టించి ఉండవచ్చు’ అని మాత్రం ఉంది. భారం అటువైపు వెళ్లిన చోటు ఇదే. మా రాతపూర్వక వాదనలో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, ఏ పట్టీ, ఏ వ్యాపారి, ఏ విచారణ అని అడిగాం. 2021 ఫేస్‌లెస్ అప్పీళ్ల స్కీము ప్రకారం కోరితే వీడియో హియరింగ్ ఇచ్చి తీరాలి, కోరాం. అందులో కొత్త వాదనలు చెయ్యలేదు, పేజీ నంబర్లు చెప్పాం.

నోట్ల రద్దు కేసుల్లో శాఖ తరఫున తప్పకుండా వినిపించే పేరు సుమతీ దయాళ్, 1995. గుర్రప్పందాల్లో వరసగా జాక్‌పాట్లు తగిలాయన్న కథను, మనుషుల మామూలు నడవడితో పోల్చి చూసి సుప్రీంకోర్టు నమ్మలేదు. దీనికి జవాబుగా చూపాల్సింది 1956 నాటి మెహతా పారిఖ్ తీర్పు. 1946 జనవరిలో పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఆ సంస్థ వెయ్యి రూపాయల నోట్లు 61 మార్చుకుంది. పుస్తకాలు, అఫిడవిట్లు పెట్టింది. అఫిడవిట్ ఇచ్చినవాళ్లను ఎవరూ ప్రశ్నించలేదు. ట్రిబ్యునల్ మాత్రం 31 నోట్లు నమ్మి 30 నమ్మలేదు. ఇది ఊహ తప్ప మరేం కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. సగం నమ్మి సగం కోసే ఆర్డర్లు ఇప్పటికీ వస్తున్నాయి కాబట్టి ఈ తీర్పు దగ్గరుంచుకోండి. 69ఎలో ఆదాయంగా ‘భావించవచ్చు’ అనే ఉంది, ‘భావించాలి’ అని లేదు. 69లోని ఇదే మాట మీద 1999 నూర్జహాన్ తీర్పు వచ్చింది: వివరణ నచ్చకపోయినంత మాత్రాన ఆదాయంగా లెక్కకట్టి తీరాలని లేదు, ఆ మనిషికి అంత సంపాదించే వీలుందా అన్నదీ చూడాలి.

చివరికి పంట, కౌలు, బ్యాంకు నుంచి తీసిన నగదు, చేతినిల్వ కలిపి 10.60 లక్షలు ఒప్పుకున్నారు. అమ్మ అఫిడవిట్ ఇచ్చినా 1.40 లక్షలు అలాగే ఉంచారు. వ్యాపార ఆదాయం లేనివారి 2.50 లక్షల దాకా డిపాజిట్లపై మరింత విచారణ అక్కర్లేదని 2017 ఫిబ్రవరి 21 నాటి బోర్డు 3వ ఇన్‌స్ట్రక్షన్ ఉంది. అయితే అది ఖాతాదారుకు వర్తించేది, అమ్మ డబ్బు నాన్న ఖాతాలో పడింది. అమ్మ ఖాతాలోనే వేసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. 77.25 శాతం చొప్పున 1.40 లక్షలకు పన్ను 1,08,150 రూపాయలు. ఆ ఏడాదికి పెంచిన 60 శాతం రేటు వర్తిస్తుందా, పాత 30 శాతమా అన్నదాంట్లో హైకోర్టుల్లో ఏకాభిప్రాయం లేదు: కేరళ హైకోర్టు శాఖ వైపు, మద్రాసు హైకోర్టు 2024లో పన్ను చెల్లింపుదారు వైపు చెప్పాయి. అందుకని దీన్ని ప్రత్యామ్నాయ గ్రౌండ్‌గా మొదటి ఫారంలోనే పెట్టి ఉంచాలి.

ఆర్డర్ వచ్చాక కూడా పని ఉంటుంది. దాన్ని అమలు చేస్తూ అసెసింగ్ ఆఫీసర్ కొత్త లెక్క వెయ్యాలి, మూడు నెలల్లోపు. అది తనంతట తాను జరుగుతుందని కూర్చోకుండా, ఆర్డర్ నకలుతో దరఖాస్తు ఇవ్వాలి. ముందు కట్టిన 20 శాతంలో మిగులును 244ఎ కింద నెలకు అర శాతం వడ్డీతో తిరిగివ్వాలి; వడ్డీ నెలలు సరిగా లెక్కకట్టారో లేదో చూసుకోవాలి. 271ఎఎసి పెనాల్టీ పన్నులో 10 శాతం, అదీ మిగిలిన పన్ను మీదే, అంటే 60 శాతం రేటున వచ్చే 84 వేలలో 8,400. పాత 12 లక్షల లెక్కతో తెరిచిన పెనాల్టీ నోటీసు పోర్టల్‌లో అలాగే ఉండిపోతుంది. దానికి జవాబు విడిగా వెయ్యాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, ఇలాంటి పాత సంవత్సరాల కేసులు 1961 చట్టం కిందే నడుస్తాయి. కాబట్టి పైన చెప్పిన సెక్షన్ నంబర్లు ఆ ఫైళ్లకు అలాగే పనికొస్తాయి. శాఖ తిరిగి ట్రిబ్యునల్‌కు వెళ్తుందేమోనన్న భయం చిన్న కేసుల్లో తక్కువ: 2024 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, తగాదాలో ఉన్న పన్ను 60 లక్షలు దాటితేనే వాళ్లు అక్కడికి వెళ్తారు.